నిదానంగా నేర్చిన లెక్కే వేగంగా వస్తుంది



ఇంటర్మీడియట్ ఎంపీసీ చదువుతున్న పిల్లలతోనూ, వాళ్ల అమ్మానాన్నలతోనూ ఈరోజు నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది. ఏళ్ల తరబడి ఎంసెట్ అని పిలిచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అని పిలుస్తున్న ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష గురించి, అందులోనూ గణితం విభాగం గురించి మాట్లాడతాను.

బషీర్‌బాగ్ చౌరస్తా నుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా అబిడ్స్ దాకా, అక్కణ్ణుంచి నాంపల్లి దాకా నడిచి చూడండి. దారి పొడవునా చదువే కనిపిస్తుంది. నిజాం కాలేజీ ఉంది. గన్‌ఫౌండ్రీలో ఆలియా, మహబూబియా విద్యాసంస్థలున్నాయి. పరీక్షలు దగ్గర పడే కొద్దీ ఈ దారిలో నడిచే పిల్లల భుజాల మీద సంచులు బరువెక్కుతుంటాయి. ఆ సంచుల్లో పాఠ్యపుస్తకాలకంటే బిట్ల పుస్తకాలే ఎక్కువ. వాళ్ల మాటల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. ‘లెక్కలు వస్తున్నాయి గానీ టైం సరిపోవడం లేదు, స్పీడ్ ఎట్లా పెంచుకోవాలి?’

ఈ ప్రశ్నకే జవాబు చెబుతాను. వేగం చేతిలో ఉండదు. లెక్క చూడగానే అది ఏ పాఠంలోది, ఏ దారిన వెళ్తే తెగుతుంది అని గుర్తుపట్టడంలో ఉంటుంది. ఆ గుర్తుపట్టే శక్తి, ముందు నిదానంగా, కాగితం మీద, అడుగడుగునా అర్థం చేసుకుంటూ లెక్క చేసినవాళ్లకే వస్తుంది. నిదానమే ప్రధానం అని పెద్దలు చెప్పిన మాట ఈ పరీక్షకు అక్షరాలా సరిపోతుంది.

ముందు పరీక్ష స్వరూపం చూద్దాం. మొత్తం 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటల సమయం. అందులో గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. అంటే సగం పేపరు లెక్కలదే. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ఎవరికి మెరుగైన ర్యాంకు ఇవ్వాలన్నది తేల్చడానికి ముందుగా చూసేది కూడా గణితం మార్కులనే. ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దాన్ని పూర్తిగా ఎత్తేసింది. ఇప్పుడు ర్యాంకు తేలేది ఆ మూడు గంటల్లోనే. అర్హతకు 25 శాతం, అంటే 160కి 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు.

మూడు గంటలంటే 10,800 సెకన్లు. 160తో భాగిస్తే ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు, ఆ పైన అర సెకను. ఈ అంకె వినగానే చాలామంది పిల్లలకు గుండె జారిపోతుంది. నిమిషంలో లెక్క ఎట్లా చేయాలి అని షార్ట్‌కట్ల వెంట పడతారు. భయపడాల్సిన పనిలేదు. రసాయనశాస్త్రంలో చాలా ప్రశ్నలు చదివిన వెంటనే జవాబు తేలేవే. ఆ 40 ప్రశ్నలను పాతిక, ముప్ఫై నిమిషాల్లో ముగించగలిగితే, భౌతికశాస్త్రానికి ఒక 45 నిమిషాలు పోయినా, లెక్కలకు 105 నిమిషాలకు పైనే మిగులుతుంది. అంటే ఒక్కో లెక్కకు దాదాపు 80 సెకన్లు. దారి తెలిసిన లెక్కకు 80 సెకన్లు చాలు. దారి తెలియని లెక్కకు పది నిమిషాలిచ్చినా చాలవు.

మాట మాటగానే మిగలకుండా ఒక లెక్క చేద్దాం. పెన్ను లేకపోయినా చెవితో వినండి. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ ప్లస్ 3 ఈక్వల్ టు సున్నా. ఈ సమీకరణానికి మూలాలు ఆల్ఫా, బీటా. ఆల్ఫా వర్గం, బీటా వర్గం కలిపితే ఎంత? ఇది విన్న వెంటనే కొందరు సూత్రం వేసి మూలాలు కనుక్కోవడం మొదలుపెడతారు. 5 ప్లస్ ఆర్ మైనస్ రూట్ 13, బై 2 అని వస్తుంది. రెండింటినీ వర్గం చేయాలి, కలపాలి. రెండు నిమిషాలు పోతాయి, మధ్యలో ఒక గుర్తు తప్పితే జవాబూ పోతుంది. ఇంకొకరు మూలాల మొత్తం 5, లబ్ధం 3 అని చూస్తారు. 5 వర్గం 25, అందులోంచి రెండు మూళ్లు ఆరు తీసేస్తే 19. పది సెకన్లు పట్టింది. ఇద్దరికీ తెలిసిన పాఠం ఒకటే. రెండోవారికి, అడిగింది మూలాలను కాదు, వాటి వర్గాల మొత్తాన్ని అని కనిపించింది.

ఇప్పుడు ఇంకో లెక్క. కేంద్రం మూలబిందువు, వ్యాసార్థం 5 ఉన్న వృత్తం. 3 ఎక్స్ ప్లస్ 4 వై ఈక్వల్ టు 25 అనే సరళరేఖ ఆ వృత్తాన్ని ఏం చేస్తుంది? కోస్తుందా, తాకుతుందా, దూరంగా పోతుందా? పరీక్షలో అయితే కేంద్రం నుంచి రేఖకు దూరం కనుక్కోవాలి. 25ని, 3 వర్గం ప్లస్ 4 వర్గానికి వర్గమూలమైన 5తో భాగిస్తే 5. వ్యాసార్థమూ 5. కాబట్టి తాకుతుంది. అయిపోయింది.

అయితే ఇంట్లో చదివేటప్పుడు ఇదే లెక్కను ఒకసారి పొడుగు దారిన చేయమంటాను. రేఖ సమీకరణంలోంచి వై విలువ తీసి వృత్త సమీకరణంలో పెట్టండి. సాగదీసి సాగదీసి చేస్తే చివరికి ఎక్స్ స్క్వేర్ మైనస్ 6 ఎక్స్ ప్లస్ 9 ఈక్వల్ టు సున్నా అని మిగులుతుంది. అంటే ఎక్స్ మైనస్ 3, దానికి వర్గం. రెండు మూలాలూ ఒకటే. 3 కామా 4 అనే ఒక్క బిందువు దగ్గరే రేఖ వృత్తాన్ని తాకింది. కోసే రేఖకు రెండు బిందువులుంటాయి, తాకే రేఖకు ఆ రెండూ కలిసి ఒకటవుతాయి. స్పర్శరేఖ అంటే ఏమిటో ఆ పొడుగు లెక్క మీకు చూపించింది. దీన్ని ఒక్కసారి మీ చేత్తో మీరు చేసి చూస్తే, పరావలయం దగ్గరా, దీర్ఘవృత్తం దగ్గరా, అతిపరావలయం దగ్గరా స్పర్శరేఖ నియమం మర్చిపోయినా మళ్లీ రాబట్టుకోగలరు. పొడుగు దారిన నడవని వాళ్లకు షార్ట్‌కట్లు ఎవరివో తెలియని ఇంటి తాళంచెవుల గుత్తి లాంటివి. గుత్తి బరువుగానే ఉంటుంది, ఏ చెవి ఏ తలుపుదో తెలియదు.

గణితం మన నేలకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. కొన్ని వస్తువుల్లోంచి కొన్నింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో చెప్పే సాధారణ సూత్రాన్ని, ఇవాళ మనం ఎన్ సీ ఆర్ అని రాసుకునే సూత్రాన్ని, ఆ గ్రంథంలో ఇచ్చాడు. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దపు పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే నన్నయ కాలానికి దగ్గరలోనే మన భాషలో లెక్కల పుస్తకం పుట్టింది. ప్రస్తారాలు, సంయోగాలు అనగానే భయపడే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మీకంటే దాదాపు వెయ్యేళ్ల ముందే మీ భాష మాట్లాడేవాళ్లు ఈ లెక్కలు చదువుకున్నారు.

ఆ పాఠంలో చిన్న లెక్క. ఒక గదిలో పదిమంది ఉన్నారు. ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఒక్కసారి కరచాలనం చేస్తే మొత్తం ఎన్ని కరచాలనాలు? టెన్ సీ టూ, 45 అని పిల్లలు వెంటనే చెబుతారు. ఎందుకు అని అడిగితే కొందరు ఆగిపోతారు. పదిమందిలో ఒక్కొక్కరు తొమ్మిదిమందికి చేయి కలిపితే తొంభై. కానీ నేను మీకు చేయి కలపడం, మీరు నాకు కలపడం ఒకటే కాబట్టి ప్రతిదీ రెండుసార్లు లెక్కకు వచ్చింది. అందుకే సగం చేసి 45 అన్నాం. ఇంత వివరం ఎందుకంటారా? రేపు పరీక్షలో కరచాలనాలు ఉండవు. బహుభుజిలో కర్ణాలు ఎన్ని అని అడుగుతారు. ఒకే రేఖ మీద కొన్ని బిందువులున్నప్పుడు ఎన్ని త్రిభుజాలు వస్తాయి అని అడుగుతారు. ఎందుకు సగం చేశామో తెలిసిన పిల్లవాడు దశభుజిలో 45లోంచి పది భుజాలు తీసేసి 35 కర్ణాలు అంటాడు. తెలియనివాడు కొత్త సూత్రం కోసం వెతుకుతాడు.

మరి ఏ పుస్తకం చదవాలి? ఇంటర్ రెండేళ్లలో మీ చేతుల్లో నాలుగు గణితం పుస్తకాలున్నాయి. మొదటి ఏడాదివి వన్ ఏ, వన్ బీ. రెండో ఏడాదివి టూ ఏ, టూ బీ. ప్రవేశ పరీక్ష సిలబస్ ఈ నాలుగు పుస్తకాల సిలబస్సే. ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, త్రికోణమితి వన్ ఏలో. సరళరేఖలు, సరళరేఖాయుగ్మాలు, అవధులు, అవకలనం వన్ బీలో. సంకీర్ణ సంఖ్యలు, వర్గసమాసాలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత టూ ఏలో. వృత్తాలు, శాంకవాలు, సమాకలనం, అవకలన సమీకరణాలు టూ బీలో. బజారులో దొరికే ఏ లావుపాటి బిట్ల పుస్తకమైనా వీటి చుట్టూ అల్లిందే.

తెలుగు మీడియం పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. మొదటి తరగతులు 1919లో ఈ బషీర్‌బాగ్‌లోనే, నిజాం కాలేజీ పక్కనున్న భవనంలో జరిగాయి. అప్పుడున్నది 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. ఇంగ్లీషులో తప్ప పై చదువు చెప్పలేమని అందరూ అనుకునే రోజుల్లో అక్కడ శాస్త్రాలను ఉర్దూలో బోధించారు. అందుకోసం అంతకు ముందే అనువాద సంస్థను పెట్టి పాఠ్యపుస్తకాలు తయారు చేయించారు. తర్వాత 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి తెలుగులో ఉన్నత చదువుల పుస్తకాలు తెచ్చింది. అకాడమీ ఉన్నదీ ఇక్కడికి దగ్గర్లోని హిమాయత్‌నగర్‌లోనే. ఇవాళ ప్రవేశ పరీక్షను ఇంగ్లీషుతోపాటు తెలుగులోగానీ, ఇంగ్లీషుతోపాటు ఉర్దూలోగానీ రాసే వీలుంది. కాబట్టి మీడియం గురించి బెంగ పెట్టుకోకండి. అయితే రెండు భాషల మాటలూ పక్కపక్కనే రాసి పెట్టుకోండి. అవకలనం అంటే డిఫరెన్షియేషన్, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్, సదిశ అంటే వెక్టర్ అని. రేపు ఇంజినీరింగ్ తరగతిలో అడుగుపెట్టిన మొదటి రోజు ఈ పట్టిక మీకు తోడుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. నాంపల్లి విద్యా భవన్‌లో ఉన్న ఇంటర్ బోర్డు నిర్వహించే వార్షిక పరీక్షకూ, ప్రవేశ పరీక్షకూ సిలబస్ ఒకటే అయినా స్వభావం వేరు. వార్షిక పరీక్షలో ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇచ్చి ఐదు రాయమనే పద్ధతికి మనం అలవాటు పడ్డాం. ఆ ఛాయిస్ వల్ల పిల్లలు రెండు మూడు పాఠాలు నిశ్చింతగా వదిలేస్తారు. వదిలేసినా మంచి మార్కులు వస్తాయి. ప్రవేశ పరీక్షలో ఛాయిస్ లేదు. వదిలేసిన పాఠంలోంచి వచ్చిన ప్రతి ప్రశ్నా మీ ర్యాంకును వెనక్కి లాగుతుంది. అందుకే మొదటి పని, వార్షిక పరీక్ష కోసం వదిలేసిన పాఠాల జాబితా రాసుకోవడం. నిజాయితీగా రాయండి. ఆ జాబితాలోనే మీరు కొత్తగా సంపాదించుకోగలిగిన మార్కులున్నాయి.

సాధారణంగా ఆ జాబితాలో కనిపించేవి కొన్నున్నాయి. త్రిపరిమాణ జ్యామితి, విస్తరణ కొలతలు, యాదృచ్ఛిక చలరాశులు, పాక్షిక భిన్నాలు. చిన్న పాఠాలని పక్కన పెట్టేవి ఇవే. కష్టమైనవి కావు, ఒకటి రెండు రోజులు కూర్చుంటే లొంగేవి. విస్తరణ కొలతలు, సంభావ్యత అనే గణాంకశాస్త్రపు తొలి మెట్ల మీంచి నడిచి వెళ్లిన తెలుగువాడు సి.ఆర్. రావు ప్రపంచంలోని గొప్ప గణాంక శాస్త్రవేత్తల్లో ఒకడయ్యాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించిన పరిశోధనకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. చిన్న పాఠమని మీరు పక్కన పెట్టిన దాని వెనక అంత లోతుంది.

పెద్ద పాఠాల్లో గుర్తుపెట్టుకోవాల్సింది వాటి మధ్య ఉన్న బంధం. వన్ బీలోని అవకలనం గట్టిగా రాకపోతే టూ బీలోని సమాకలనం రాదు. సమాకలనం రాకపోతే అవకలన సమీకరణాలు రావు. త్రికోణమితి సూత్రాలు నోటికి రాకపోతే ఈ మూడూ రావు. సరళరేఖ పాఠం బాగా వస్తే వృత్తాలు సగం వచ్చినట్టే, వృత్తాలు వస్తే శాంకవాలు సగం వచ్చినట్టే. అందుకని పాఠాలను పుస్తకాల వరసలో కాకుండా ఈ బంధాల వరసలో పునశ్చరణ చేయండి. త్రికోణమితితో మొదలుపెట్టి అవకలనం, సమాకలనం, అవకలన సమీకరణాలు ఒక దారి. సరళరేఖ, వృత్తం, శాంకవాలు ఇంకో దారి. బీజగణితం మూడో దారి. రోజూ రెండు దారుల్లో కొంత కొంత నడవండి.

సమాకలనంలో ఒక అందమైన లెక్క చెబుతాను. సున్నా నుంచి పై బై టూ వరకు, సైన్ ఎక్స్ బై సైన్ ఎక్స్ ప్లస్ కాస్ ఎక్స్. చూడటానికి చిక్కుగా ఉంటుంది. ఎక్స్ ఉన్నచోట పై బై టూ మైనస్ ఎక్స్ పెట్టండి. సైన్ కాస్ అవుతుంది, కాస్ సైన్ అవుతుంది, హారం మాత్రం మారదు. ఈ కొత్త రూపాన్ని పాతదానికి కలిపితే లవం, హారం ఒకటై 1 మిగులుతుంది. సున్నా నుంచి పై బై టూ వరకు 1కి సమాకలనం పై బై టూ. అది రెండింటి మొత్తం కాబట్టి మన జవాబు అందులో సగం, పై బై ఫోర్. ఇది వార్షిక పరీక్ష కోసం మీరు నేర్చుకునేదే. అక్కడ మెట్లన్నీ రాస్తారు, ఇక్కడ మనసులో చేసేస్తారు. వార్షిక పరీక్షకు నిజాయితీగా చదివినవాళ్లు ప్రవేశ పరీక్షకు సగం సిద్ధమైపోయినట్టే. ఇంటర్ పుస్తకంలోని రెండు మార్కుల ప్రశ్నలను చూడండి. పక్కన నాలుగు ఐచ్ఛికాలు చేరిస్తే అవే ప్రవేశ పరీక్ష బిట్లు.

ఐచ్ఛికాలను వాడుకోవడం కూడా ఒక విద్యే. 49 టు ది పవర్ ఎన్, ప్లస్ 16 ఎన్, మైనస్ 1. ఎన్ ఏ సహజసంఖ్య అయినా దీన్ని భాగించే అతిపెద్ద సంఖ్య ఏది అని అడిగారనుకోండి. ఎన్ బదులు 1 పెట్టండి. 49, 16 కలిపితే 65, ఒకటి తీసేస్తే 64. ఇక 64కంటే పెద్ద సంఖ్య జవాబు కాలేదు. 2 పెడితే 2,432 వస్తుంది, అది 64ను 38తో గుణిస్తే వచ్చేదే. ఐచ్ఛికాల్లో 64 ఉంటే గుర్తుపెట్టి ముందుకెళ్లవచ్చు. పరీక్ష గదిలో ఇది చాలు. ఇంటి దగ్గర మాత్రం గణితానుగమన పద్ధతిలో ఒకసారి నిరూపించండి. రెండు విలువలకు సరిపోయినంత మాత్రాన అన్నింటికీ సరిపోతుందని గణితం ఒప్పుకోదు. ఆ పట్టుదలే గణితాన్ని గణితంగా నిలబెట్టింది.

తప్పుల నోటుబుక్కు గురించి గట్టిగా చెబుతాను. నేను పాఠం చెప్పిన పిల్లల్లో బాగా పైకి వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఈ పని చేసినవాళ్లే. గ్రాండ్ టెస్ట్ రాశాక మార్కులు చూసి పక్కన పడేయకండి. తప్పు పోయిన ప్రతి లెక్కనూ ఒక నోటుబుక్కులో మళ్లీ పూర్తిగా చేయండి. పక్కన కారణం రాయండి. కారణాలు మూడే ఉంటాయి. పాఠం తెలియకపోవడం ఒకటి. తెలిసినా ప్లస్, మైనస్‌లో, కూడికలో, గుణకారంలో పొరపాటు చేయడం రెండు. ప్రశ్న సరిగా చదవకపోవడం మూడు. కానిది ఏది అని అడిగితే అయినది గుర్తుపెట్టడం, వ్యాసార్థం అడిగితే వ్యాసం గుర్తుపెట్టడం ఈ మూడో రకం. ఏ రకం తప్పు ఎక్కువో తేలితే మందు దొరికినట్టే. మొదటి రకానికి పాఠ్యపుస్తకం తెరవాలి. రెండో రకానికి రఫ్ వర్క్ శుభ్రంగా, వరసగా చేయడం నేర్చుకోవాలి. మూడో రకానికి ప్రశ్నలో చివరి మాటను రెండోసారి చదివే అలవాటు చేసుకోవాలి.

కాలిక్యులేటర్ ఇవ్వరు. కాబట్టి 25 వరకు వర్గాలు, 10 వరకు ఘనాలు, 2 ఘాతాలు, రూట్ 2, రూట్ 3, రూట్ 5 సుమారు విలువలు, త్రికోణమితి ప్రామాణిక కోణాల విలువలు నోటికి రావాలి. ఇంట్లో అమ్మ కూరగాయల లెక్క అడిగినా, బస్సులో చిల్లర లెక్క వచ్చినా ఫోను తీయకుండా మనసులో చేయండి. ఆ అలవాటు పరీక్ష రోజున ఒక్కో లెక్క దగ్గర కొన్ని సెకన్లు మిగిలిస్తుంది.

ఇక కాలం సంగతి. 2025లో ఇంటర్ వార్షిక పరీక్షలు మార్చి 25తో ముగిశాయి, ఇంజినీరింగ్ విభాగం ప్రవేశ పరీక్ష మే 2 నుంచి 4 వరకు జరిగింది. మధ్యలో ఉన్నది ఐదు వారాల పైచిలుకు. తేదీలు ఏటా కొద్దిగా మారతాయి గానీ వ్యవధి చిన్నదే. ఈ వ్యవధిలో కొత్త పుస్తకాలు కొనకండి. మొదటి రెండు వారాలు వదిలేసిన పాఠాలకు, బలహీనమైన పాఠాలకు ఇవ్వండి. తర్వాతి రెండు వారాల్లో రోజు విడిచి రోజు పాత పేపరు ఒకటి, మూడు గంటలు కదలకుండా రాయండి. రాయని రోజు తప్పుల నోటుబుక్కుకు. చివరి వారం ఆ నోటుబుక్కూ, సూత్రాల కాగితాలూ తప్ప వేరేవి ముట్టకండి. పరీక్ష 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. తెర మీద ప్రశ్న చదివి, కాగితం మీద లెక్క చేసి, మళ్లీ తెర మీద జవాబు గుర్తుపెట్టడం అలవాటు కావాలి. అధికారిక వెబ్‌సైట్‌లో పెట్టే నమూనా పరీక్షను కనీసం ఒకసారైనా రాయండి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కాలేజీ ల్యాబులో అడగండి.

పుస్తకాలకు డబ్బు లేదని ఎవరూ వెనకబడక్కర్లేదు. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంటర్ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాల సంకలనాలు తక్కువ ధరకు దొరుకుతాయి. కొనేముందు సిలబస్ ఇప్పటిదేనా అని చూసుకోండి. 1891లో పుట్టిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం సుల్తాన్‌బజార్‌లో ఉంది. ఇరుకు ఇంట్లో చదువు సాగనివాళ్లకు గ్రంథాలయంలో నిశ్శబ్దమైన ఒక కుర్చీ దొరకడం పెద్ద వరం.

పరీక్ష రోజున సమయానికి ముందే కేంద్రానికి చేరండి. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. గణితం విభాగాన్ని మూడు చుట్లుగా చేయండి. మొదటి చుట్టులో చూడగానే దారి తెలిసినవి మాత్రమే. రెండో చుట్టులో దారి తెలిసినా లెక్క పొడుగైనవి. మూడో చుట్టులో మిగిలినవి. ఒక లెక్క దగ్గర రెండు నిమిషాలు దాటితే వదిలేసి ముందుకు కదలండి. దానికీ, తర్వాత వచ్చే సులువైన లెక్కకూ ఒక్కటే మార్కు. చివరి ఐదు నిమిషాల్లో ఏ ప్రశ్ననూ ఖాళీగా ఉంచకండి. తప్పుకు కోత లేదు కాబట్టి, నాలుగు ఐచ్ఛికాల్లో రెండింటిని కొట్టేయగలిగితే మిగిలిన రెండింట్లో ఒకటి సరైనదయ్యే అవకాశం సగానికి సగం. అయితే ఇదే అలవాటును జేఈఈ మెయిన్‌కు తీసుకెళ్లకండి. అక్కడ సరైన జవాబుకు 4 మార్కులిచ్చి, తప్పుకు 1 కోస్తారు. ఇంకో మాట. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది. ఒక సెషన్ పేపరు కష్టంగా, ఒకటి తేలిగ్గా వచ్చినా నార్మలైజేషన్ పద్ధతిలో మార్కులను సరిచేస్తారు. మా సెషన్ కష్టంగా వచ్చిందని బయటికొచ్చి దిగులు పడకండి.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. మీ పిల్లలు ఈ రెండేళ్లలో పడిన శ్రమ మీకు ఎన్నో రాత్రులు కళ్లెదుటే కనిపించింది. వాళ్లను పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకండి. టెస్టులో తక్కువ వచ్చిన రోజు ఎన్ని వచ్చాయి అని కాకుండా, ఏ పాఠంలో పోయింది అని అడగండి. అప్పుడు పిల్లలు మీ దగ్గర దాచరు. భోజనం, నిద్ర తగ్గనివ్వకండి. నిద్ర లేని బుర్రకు ప్లస్, మైనస్ తేడా తెలియదు. పిల్లలు మౌనంగా మారినా, తిండి మానేసినా, నా వల్ల కాదు అని పదేపదే అంటున్నా తేలిగ్గా తీసుకోకండి. దగ్గర కూర్చోండి, వినండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది. 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలూ, మీరు కూడా చేయవచ్చు. అడగడంలో చిన్నతనం లేదు. ఒక పరీక్షలో ర్యాంకు రాకపోతే ఇంకో దారి ఉంటుంది. డిగ్రీలో గణితం చదివి గొప్పవాళ్లయినవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఇంతసేపూ లెక్కల గురించి ఇంతగా చెప్పింది ర్యాంకు కోసం మాత్రమే కాదు. ఒక చిక్కు ఎదురైనప్పుడు కంగారు పడకుండా, తెలిసినదేమిటి, తెలియాల్సిందేమిటి అని విడదీసి చూడటం గణితం నేర్పుతుంది. ఇంజినీరింగ్‌లోనూ, ఉద్యోగంలోనూ, ఇల్లు నడపడంలోనూ పనికొచ్చేది ఆ చూపే. దాన్ని బిట్లు బట్టీపట్టి సంపాదించలేరు. కాబట్టి ఈ రాత్రే పని మొదలుపెట్టండి. మీరు వదిలేసిన పాఠాల జాబితా రాయండి. అందులో మొదటి పాఠం తెరవండి. పుస్తకంలో చేసి చూపించిన మొదటి ఉదాహరణను జవాబు మూసిపెట్టి, గడియారం చూడకుండా, మీ సొంత చేత్తో చివరిదాకా చేయండి. ఆగిపోయిన చోట మాత్రమే పుస్తకం చూడండి. రోజుకు అలాంటివి పది చేసుకుంటూ పోతే, మే నెల వచ్చేసరికి వేగం ఎట్లా పెంచుకోవాలి అని ఎవరినీ అడగాల్సిన అవసరం మీకు ఉండదు.